క్లాంగ్ రేవులో మా అమ్మ దిగిన రోజు

మా చిన్నతనంలో సముద్రమంటే నాకు వాంతి కంపు... మద్రాసు రేవు దాటిన మర్నాడే మా పెద్దమ్మ కడుపులో ఉన్నదంతా కక్కేసింది. మా అమ్మ ముక్కుకు కొంగు చుట్టుకుని ఆ గదంతా కడిగింది. పెద్దనాన్న గుమ్మంలో నిలబడి, "ఆ మూల చూడు, ఇంకా ఉండాది" అని వేలు చూపిస్తున్నాడు.

డెబ్బైల చివరి సంగతి ఇది. మాది తిరుత్తణి పక్కన పల్లె. ఉమ్మడి కాపురం... పెద్దనాన్న చెప్పిందే వేదం. ఆయన కూతురు జయక్కది సింగపూరులో కాపురం. తొలి కాన్పుకు పెద్దమ్మ, పెద్దనాన్న బయల్దేరారు. పెద్దమ్మ చేతులకు పని అలవాటు లేదు. అందుకని మా అమ్మను కూడా బయల్దేరదీశారు. నన్ను వదిలి రానని అమ్మ పట్టుబట్టింది కాబట్టి నేనూ ఓడెక్కాను. అన్న ముందు మా నాన్నకు నోరు పెగిలేది కాదు.

ఊళ్ళో మాత్రం, "తమ్ముడి పెండ్లానికి కూడా సింగపూరు చూపిస్తాండాడు, మారాజు" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఓడలో పైన కిటికీ ఉన్న గది వాళ్ళది. కింద వరసగా వేసిన ఇనుప మంచాలు మావి. వాళ్ళ ట్రంకు పెట్టెలు కూడా మా దగ్గరే... శొంఠి, మిరియాలు, నేతి డబ్బా, పొత్తిళ్ళకు పాత చీరలు. వాటికి కాపలా మేము. అమ్మ పాసుపోర్టు, అందులోనే నా పేరు కూడా ఉండేది, అది పెద్దనాన్న సంచిలో. "మీరు యాడన్నా పారేస్తారు" అన్నాడు.

అయినా నాకు కొత్త సంగతులు దొరక్కపోలేదు. ఉప్పునీళ్ళలో సబ్బు నురగ రాదు. చేపలు ఎగురుతాయి... నిజంగానే, పిచ్చుకల గుంపులా నీళ్ళ మీద లేచి, కొంత దూరం పోయి మునిగేవి. అమ్మకు చూపిద్దామని పరిగెత్తితే, అమ్మ పెద్దమ్మ చీరలు పిండుతూ ఉండేది.

మలేషియాలోని పినాంగులో ఓడ పగలంతా ఆగింది. వాళ్ళిద్దరూ తయారై దిగిపోయారు. మాకు మాత్రం, "పెట్టెల కాడ ఉండండి" అని ఒక్క ముక్క. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చాక అమ్మ ఆశగా అడిగింది.

"ఎట్లుండాది అక్కా, ఊరు?"

"ఏముండాది, మన మద్రాసు మాదిరే. నువ్వు చూసి ఏం చేయాల?" అంది పెద్దమ్మ.

అమ్మ పెద్దమ్మ విడిచిన చీర తీసుకుని ఉతకడానికి పోయింది.

తర్వాతి రేవు క్లాంగ్, అదీ మలేషియాలోనే. ఓడ ఆగగానే అమ్మ ఉతికిన చీర కట్టుకుంది. నాకు జడ వేసింది. మా పక్క మంచంలో నాగపట్టణం నుంచి కొడుకు దగ్గరికి పోతున్న అరవ పెద్దావిడ ఉండేది. ఎక్కినప్పటి నుంచీ మా బతుకు చూస్తూనే ఉంది. "పెట్టి నాన్ పాత్తుక్కరేన్, నీ పో తాయీ" అంది... పెట్టెలు నేను చూసుకుంటాను, నువ్వు పో తల్లీ అని.

ఓడ దిగే మెట్ల దగ్గర వరసలో పెద్దనాన్న, పెద్దమ్మ నిలబడి ఉన్నారు.

"బావా, నా పాసుపోర్టు ఇయ్యండి. మేమూ దిగి చూసొస్తాము" అంది అమ్మ.

"పెట్టెలు ఎవురు చూస్తారు?"

"చూసే మనిషి ఉండాది."

"ఆడదానివి, దేశం కాని దేశంలో యాడ తిరుగుతావు? పో, కిందికి పో."

అమ్మ కదల్లేదు. మెట్ల దగ్గర కాగితాలు చూస్తున్న ఓడ అధికారి వైపు తిరిగి, అందరికీ వినబడేలా అరవంలో అడిగింది... తన పాసుపోర్టు తన దగ్గర ఉండాలా, ఇంకొకరి దగ్గర ఉండాలా అని. వరసంతా ఇటు తిరిగింది. "నీ దగ్గరేనమ్మా ఉండాల్సింది" అన్నాడాయన, పెద్దనాన్న వంక చూస్తూ.

పెద్దనాన్న సంచిలోంచి దాన్ని తీసి నేల మీద పారేశాడు. అమ్మ వంగి తీసుకుని, కొంగుతో తుడిచి, నడుముకు దోపుకుంది.

రేవులో కాలు పెడితే నేల ఊగింది. అమ్మ రెండడుగులు వేసి, తూలి, రోడ్డు పక్క గట్టు మీద కూలబడి నవ్వింది... నోరంతా తెరిచి. ఇంట్లో అమ్మ అట్లా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

బజారులో ఎర్రటి వెంట్రుకల కాయలు కుప్ప పోసి ఉన్నాయి. గొంగళిపురుగులనుకుని వెనక్కి దూకాను. అమ్మేవాడు అరవవాడే. ఏ ఊరని అడిగాడు. తిరుత్తణి అనగానే, అక్కడి కొండ మీది సామిని తలుచుకుని "మురుగా" అని చేతులు జోడించి, రెండు కాయలు ఒలిచి మా చేతుల్లో పెట్టాడు. లోపల తాటిముంజెలా తెల్లగా, తీయగా ఉంది. అమ్మ గింజను చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది.

మేము ఓడెక్కేసరికి పెద్దనాన్న కాచుకుని ఉన్నాడు. "పని చేసేదానికని పిల్చుకొని వస్తే ఊరు తిరిగేదానికి పోతివా?" అన్నాడు, పదిమందిలో.

అమ్మ కూడా పదిమందిలోనే అంది. "బావా, ఆ పాసుపోర్టులో నా ఫోటో ఉండాది. పెట్టెల కావలి అని యాడా రాసిలేదు. జయకు పురుడు నేనే పోస్తాను, అది నా బిడ్డ మాదిరి. మీకు మాత్రం ఇంక వండి వడ్డించను."

అన్నట్టే చేసింది. సింగపూరులో జయక్కకు పత్యం వండింది, బిడ్డకు నీళ్ళు పోసింది. పెద్దనాన్న కంచంలో మాత్రం ఒక్క మెతుకు పెట్టలేదు. ఊరికి రాగానే వేరే పొయ్యి పెట్టింది. నాన్న ఏదో గొణగబోతే, "మీకు ఆ పక్క తినాలనుంటే తినండి" అంది. నాన్న ఈ పక్కకే వచ్చాడు.

పెద్దనాన్న పోయేదాకా అమ్మతో మాట్లాడలేదు. ఆయన పోయిన రోజు ఊరంతా ఏడ్చింది. నాకు కన్నీళ్ళు రాలేదు. తెచ్చుకోవాలని కూడా అనిపించలేదు.

ఇప్పుడు ఆ ఓడా లేదు, అమ్మా లేదు... జయక్క మనవలు పొద్దున సింగపూరులో టిఫిన్ తిని, మధ్యాహ్నం భోజనానికి మద్రాసులో దిగుతున్నారు. మధ్యలో సముద్రం ఉందని కూడా వాళ్ళకు తెలియదు. మొన్న మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో, "మన పెద్దాయన ఆ కాలంలోనే అందరినీ ఓడెక్కించి లోకం చూపించాడు" అని రాశారు. అది చదివి ఊరుకోలేక ఇదంతా రాశాను. ఆయన చూపించలేదు. మా అమ్మే దిగి చూసింది.

మీ ఇళ్ళ నుంచి ఆ ఓడల్లో పోయిన ఆడవాళ్ళు ఏ రేవులో దిగారో, అసలు దిగనిచ్చారో లేదో, కనుక్కుని ఇక్కడ రాయండి... అడగడానికి వాళ్ళింకా ఉంటే.