వియన్నాలో పట్టు గోడల గది

గౌనిపల్లిలోని మా మల్బరీ తోట పీకేసి టమాటా పెట్టాలని మా అన్న రెండేళ్లుగా అడుగుతున్నాడు. తోట అమ్మ పేరున ఉంది, ఆ ఆకుతో పట్టుపురుగుల్ని పెంచేదీ ఆమే. ఆఫీసు పనిమీద వియన్నా వెళ్తూ నేను ఆమెను కూడా రమ్మన్నాను. "వచ్చినాక చెప్తాలేప్పా" అని అన్నకు మాటిచ్చి అమ్మ బయల్దేరింది. ఇక ఒప్పుకున్నట్టేనని అన్న చంకలు గుద్దుకున్నాడు. నాకు మాత్రం దిగులేసింది. తోట లేని అమ్మను నేనెప్పుడూ చూడలేదు.

ఊరి నుంచి చింతామణి మీదుగా బెంగళూరు విమానాశ్రయానికి టాక్సీలో వెళ్లి, దుబాయ్‌లో విమానం మారాం. వియన్నా చేరాక, శనివారం పొద్దున హోటల్ దగ్గర ట్రామెక్కితే పావుగంటలో పాత రాజభవనం ముందు దింపింది. మూడొందల ఏళ్ల నాటి బరోక్ కాలపు కట్టడం, ఇప్పుడు చిత్రశాల. టికెట్టు మనిషికి ఇరవై యూరోల లోపే. పెద్ద సంచులు లాకర్లో పెట్టాలి.

మొదటి గదుల్లో అమ్మ బస్సు కిటికీలోంచి ఊళ్లు చూసినట్టు చిత్రాలు చూసింది. రాజుల ముఖాలు చూసి, "వీండ్లు ఒగరన్నా నవ్వరేమే!" అంది. తర్వాతి గదిలో గోడల నిండా ఎర్రటి పట్టుబట్ట, మా ఊరి మాటలో రేష్మె; దాని మీద చిత్రాలు. అమ్మ దాన్ని పైనుంచి కిందిదాకా చూసి, బాత్రూమ్ వైపు వెళ్లింది. తిరిగొచ్చి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, అరచెయ్యి గోడకు ఆనించింది.

ఆ గదికి కాపలా ఉన్న ఆవిడ కేకేసింది. అమ్మ బెదరలేదు. రెండు చేతులూ చాపి చూపించింది. "సబ్బేసి కడుక్కోనే వచ్చినానమ్మా!"

మా పురుగుల ఇంట్లో పద్ధతి అది. చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కున్నాకే దేన్నైనా ముట్టాలి. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఇంగ్లీషులో సర్దిచెప్పాను. కాపలా ఆవిడ నవ్వలేదు కానీ కొంచెం మెత్తబడింది. పాత పట్టు చివికిపోతే, అదే నమూనాలో మళ్లీ నేయించారని చెప్పింది. ఆ మాట అమ్మకు చెప్పాను.

"అట్లయితే రేష్మె ఇంగా కావాల్సే ఉండాది" అంది అమ్మ, చెప్పులు వేసుకుంటూ.

బయట తోటలో కూర్చున్నాక నా ఫోన్ అడిగి అన్నకు చేసింది. "అప్పా, తోట పీకొద్దు. ఈ పొద్దు నీళ్లు కట్టు. నేను వచ్చినాక పురుగులు తెప్పించాల."

ఆ భవనంలో చూసిన చిత్రాల పేర్లు నాకిప్పుడు ఒక్కటీ గుర్తులేదు. అమ్మ అలా చేతులు చాపి నిలబడటం మాత్రం మరవలేను. ఆమెను తీసుకెళ్లినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. ఒక సలహా: మా ఊరి వైపు పెద్దవాళ్లను తీసుకెళ్తే, చేతులు ఎంత బాగా కడుక్కున్నా అక్కడ గోడలు ముట్టకూడదని ముందే చెప్పండి.