బలిపీఠం ముందు గుమ్మడికాయ

అప్పలస్వామికి వాక్యం అంటే డ్యూటీ ఆర్డరు. పైనుంచి వచ్చిన కాగితంలో ఏది రాసుంటే అది చేయాలి, ఎందుకని అడగకూడదు. బిలాస్‌పూర్ యార్డులో ముప్పై నాలుగేళ్లుగా గూడ్సు వ్యాగన్ల కింద దూరి బ్రేకులు సరిచేస్తున్న ఫిట్టరు ఆయన. బైబిలు కూడా అదే పద్ధతిలో చదువుతాడు.

రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలని చదివిన వారంలోనే, కొత్త రెయిన్‌కోటు తీసుకెళ్లి బుధవారి బజారులో ఆకుకూరలమ్మే ముసలామెకిచ్చేశాడు. ఆ వానాకాలమంతా చిల్లులు పడ్డ పాత కోటుతో తడిసి ముద్దయ్యాడు. పొద్దు గూకేలోగా కోపం విడిచిపెట్టాలన్న మాట పట్టుకుని, భార్య ఝాన్సీతో ఏ తగాదా వచ్చినా చలికాలంలో ఐదున్నరకల్లా తేల్చేయాలని తొందరపెట్టేవాడు. "నాకింకా కోపం పోలేదండి. మీ టైముకి ఎలా పోద్ది మరి" అని ఆవిడ గొణుక్కునేది.

ఆవిడదే క్రైస్తవ కుటుంబం. ఈయనవాళ్లు విజయనగరం వైపు నుంచి తాత కాలంలో రైల్వే పనికొచ్చినవాళ్లు, ఇంటి ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. పెళ్లయిన కొత్తలో ఝాన్సీని చర్చి దగ్గర దింపి బయట సైకిలు పట్టుకుని నిలబడేవాడు. ఎండలు ముదిరాక లోపలికొచ్చి ఫ్యాను కింద కూర్చున్నాడు. కూర్చున్నవాడు మరి లేవలేదు. బాప్తిస్మం నాడు పేరు మార్చుకోమన్నారు. "సర్వీసు పుస్తకంలో పేరు మార్చాలంటే ఎన్ని కాగితాలు కావాలో నాకెరికండి. పరలోకంలో కూడా ఇలాగే పిలవమనండి" అన్నాడు. అందుకే ఇప్పటికీ అప్పలస్వామే.

ఇంత నిఖార్సయిన మనిషికి ఒక చిక్కు వచ్చిపడింది.

పక్క క్వార్టరులో చంద్రమౌళి ఉంటాడు. ఇద్దరూ ఒకే గ్యాంగులో చేరారు, ఒకే వరుసలో ఇళ్లు దొరికాయి. రెండు పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. సాయంత్రం చంద్రమౌళి తన స్టీలు గ్లాసు ఆ గోడమీద పెడతాడు, ఝాన్సీ అందులో టీ పోస్తుంది, గోడకు అటొకరూ ఇటొకరూ నిలబడి తాగుతారు. ఇరవై ఆరేళ్లుగా ఇదే వరస. చంద్రమౌళి చర్చికి రాడు, ఆయన దసరా పూజకు ఈయన వెళ్లడు. టీ దగ్గర ఆ ప్రస్తావన వచ్చేది కాదు.

జులైలో ఆ గ్లాసు రావడం ఆగిపోయింది.

మొదట ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు. తర్వాత ఊరెళ్లాడేమో అనుకున్నాడు. కానీ చంద్రమౌళి రోజూ సైకిలు మీద కనబడుతూనే ఉన్నాడు, కళ్లు మాత్రం ఇటు తిప్పడం లేదు. నవంబరు ముప్పైకి ఆయన రిటైరవుతున్నాడు. దగ్గర్లోనే ఉన్న కోటా ఊళ్లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు, క్వార్టరు ఖాళీ చేసి అక్కడికెళ్లిపోతాడు. ఈలోగా కారణం తెలియకపోతే ఇక జన్మలో తెలియదని అప్పలస్వామి గుబులు. ఆలోచించీ ఆలోచించీ బుర్ర వేడెక్కింది. తను ఆయనకు మేలే తప్ప కీడు చేసిన జ్ఞాపకం లేదు.

ఆ మేలు కూడా చిన్నది కాదు. వేసవిలో ఒకరోజు, బొగ్గు వ్యాగన్ల రేకు పక్కన నిలబడి చంద్రమౌళి మెల్లగా ఒక మాట చెప్పాడు. వ్యాగను కింద దూరాలంటే మోకాళ్లు వణుకుతున్నాయని. ఏ ప్రమాదమూ జరగలేదు, ఎవరూ భయపెట్టలేదు. ఒక పొద్దున్న మామూలుగా వంగబోతే కాళ్లు రానన్నాయట. ఆనాటినుంచి ఆయన వంతు వ్యాగన్ల కింద కూడా అప్పలస్వామే దూరాడు. అంతటితో ఆగక ప్రార్థన చేశాడు. నెల తిరక్కుండా చంద్రమౌళిని స్టోరులో కూర్చోబెట్టారు, బ్రేకు బ్లాకులు అందించే పని. ప్రార్థన ఇంత చక్కగా ఫలించిన సందర్భం అప్పలస్వామి జీవితంలో మరొకటి లేదు.

అందుకే నవంబరు మొదటి ఆదివారం, కోతపండుగకు, బాత్రూము కప్పు మీద పాకిన తీగకు కాసిన తొలి గుమ్మడికాయను భుజాన వేసుకుని చర్చికెళ్లాడు. స్నేహితుడికి దేవుడు చేసిన మేలుకు కృతజ్ఞతగా బలిపీఠం ముందు పెట్టి వెనక్కొచ్చి కూర్చున్నాడు.

పాస్టరు రాఘవయ్య గారు సరిగ్గా ఆ రోజే ఆ వాక్యం తీశారు. కానుక తెచ్చినప్పుడు నీ సహోదరుడికి నీమీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అన్నది దాని సారం. తక్కినవాళ్లు తలలూపారు. అప్పలస్వామి లేచి నడిచి బయటికెళ్లిపోయాడు. ఝాన్సీ కొంగు నోటికడ్డం పెట్టుకుని తల దించుకుంది.

చంద్రమౌళి వరండాలో సైకిలు చైనుకు నూనె రాస్తున్నాడు.

"అన్నా, నామీద నీకేటైనా ఉందేటి?"

"ఏటీ లేదు" అన్నాడు ఆయన, తలెత్తకుండా.

"మరి గ్లాసు రాట్లేదు."

"టీ మానేసేను. డాక్టరు వద్దన్నాడు."

అదే క్షణాన ఆయన భార్య మీనాక్షి అల్లం వాసన గుమ్మంటున్న టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది. అప్పలస్వామిని చూసి గ్లాసుతో సహా వెనక్కి తిరిగి లోపలికెళ్లిపోయింది.

చర్చికి తిరిగొచ్చేసరికి రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడం కూడా అయిపోయింది. పాస్టరు గారికి జరిగింది చెప్పాడు.

"లేదన్నాడు కదా. నీవంతు నువ్వు చేశావు. మనసు తేలిక చేసుకో."

"కానీ ఉందండి అయ్యగారూ. లేకపోతే అల్లం టీ ఎందుకు దాస్తాడు? ఉండి లేదన్నోడితో ఎలా సమాధానపడాలో అందులో రాసి ఉందా అండి?"

రాఘవయ్య గారు పేజీ పైకీ కిందికీ చూశారు. లేదు.

"అయితే ఆ కాయ అక్కడే ఉండనివ్వండి. నాను ఇంకా అర్పించలేదు. రొట్టె తీసుకోడానికి బల్లకి కూడా అప్పుడే వొస్తాను."

గుమ్మడికాయ చెడిపోయే సరుకు కాదు గనక పాస్టరు గారు కాదనలేకపోయారు. పండుగకు వచ్చిన మిగతా కాయలన్నీ వేలంపాటలో వెళ్లిపోయాయి, ఇదొక్కటీ మిగిలింది. ఆరాధనకు వచ్చినవాళ్లంతా ముందు సిలువ వంక, తర్వాత గుమ్మడికాయ వంక, ఆపైన అప్పలస్వామి వంక చూడటం అలవాటైపోయింది.

ఈయనేమో తనకు తెలియని తప్పు వెతుక్కుంటూ తిరిగాడు. గ్యాంగులో కుర్రతనం పోని పైడిరాజునడిగాడు, నామీద నీకేటైనా ఉందా అని. ఆ నిమిషం వరకూ వాడి మనసులో ఏమీ లేదు. అడిగాక ఆలోచించి, రెండేళ్ల కిందట తన గృహప్రవేశానికి రాలేదని గుర్తు తెచ్చుకుని మొహం ముడుచుకున్నాడు. "ఉన్న తగువు తీర్చమంటే కొత్తవి పుట్టిస్తన్నారేటండి" అని ఝాన్సీ తలపట్టుకుంది. వెళ్లబోతూ పైడిరాజు ఒక మాటన్నాడు. "నువ్వు మంచోడివే దాదా. వోహీ తో గోల, అదే గొడవ." అదేమిటో అప్పలస్వామికి బోధపడలేదు.

చివరికి కూతురు ప్రత్యూషను కూర్చోబెట్టాడు. ఆ పిల్ల తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటుంది, వాక్యం ఫోనులో హిందీలో చదువుతుంది. తను చదివినదాంట్లో ఏదైనా తప్పిపోయిందేమో, అందులో చూసి చెప్పమన్నాడు. ఆమె ఆ భాగం చదివి, ఊరుకోక కిందికి జరుపుతూ పోయింది. మరుసటి అధ్యాయంలో ఆగింది.

"డాడీ, యే దేఖో. ప్రార్థన చేసేటప్పుడు గదిలోకెళ్లి తలుపేసుకోమని ఉంది. ఆప్ తో మైక్ మే కర్తే హో, అందరికీ వినబడేలా."

అప్పలస్వామి నవ్వాడు. ఆ మాట ఆయనకు కంఠస్థమే.

"చంద్రమౌళి అంకుల్ కోసం చేసింది కూడా మైకులోనే కదా. నేనప్పుడు బట్టలు ఆరేస్తున్నా. మన గల్లీ దాకా వినిపించింది."

నవ్వు ఆగిపోయింది. జులైలో శుక్రవారం ఉపవాస ప్రార్థన. లోపల చోటు చాలక వరండాలో కూర్చున్నవాళ్లకోసం బయట స్పీకరు పెట్టారు. ఆయన కళ్లు మూసుకుని, కన్నీళ్లు పెట్టుకుని, నా సహోదరుడు చంద్రమౌళి వ్యాగను కింద దూరలేక వణికిపోతున్నాడు ప్రభువా, ఆ భయం తీసెయ్యి అని పావుగంట వేడుకున్నాడు. ఆ వేళ గల్లీ చివర వేపచెట్టు కింద సగం గ్యాంగు పేకాడుతోంది.

"తర్వాత అంకుల్ వెళ్తుంటే ఆ పేకాటవాళ్లు 'పహియా ఆయా, పహియా ఆయా' అని అరిచేవాళ్లు. చక్రం వచ్చింది, తప్పుకోండి అని. మీకు తెలీదా?"

"నువ్వెందుకు సెప్పలేదమ్మా?"

"అంకులే మైకులో చెప్పమన్నారేమో అనుకున్నా."

అప్పలస్వామి తన బైబిలు తెరిచి, మళ్లీ మూసేశాడు. ఒకరి భారం ఒకరు మోయాలని అదే గ్రంథంలో ఉంది. మోశాడు. ఒకరికోసం ఒకరు ప్రార్థించాలనీ ఉంది. చేశాడు. రాసున్నవన్నీ రాసున్నట్టే చేస్తే తప్పెక్కడ జరిగిందో ఆయనకు అంతుపట్టలేదు. తప్పు జరిగిందని మాత్రం తెలిసిపోయింది.

సాయంత్రం గోడ దగ్గరికెళ్లాడు. అటువైపు చంద్రమౌళి పెరట్లో దండెం విప్పుతున్నాడు.

"అన్నా. ఆ శుక్రవారం మైకు సంగతి నాకివాళ తెలిసింది."

చంద్రమౌళి తాడు చుట్ట చుట్టడం ఆపలేదు. చుట్టడం అయ్యాక అన్నాడు. "మీనాక్షికి కూడా సెప్పలేదురా ఆ మాట. నీకొక్కడికే సెప్పేను."

"నాను దేవుడికే సెప్పేను అన్నా."

"మీ దేవుడికి సెవుడేటి, మైకు గావాల?"

చంద్రమౌళి తాడు చుట్ట గోడమీద పెట్టాడు.

"ఆ సాయంత్రం మీనాక్షి ఏటడిగిందో తెలుసా? కాలనీ అందరికీ తెలిసిన మాట నాకెందుకు సెప్పలేదు అని. దానికేటి సెప్పాల? స్టోరులో ఊరికే కూకోబెట్టేరనుకున్నావా? జాలిపడి కూకోబెట్టేరు. ఆఖరి రోజుదాకా సుత్తి పట్టుకునే ఉండాలనుకున్నాను."

ఆ స్టోరు పనికే తను గుమ్మడికాయ మోసుకెళ్లిన సంగతి అప్పలస్వామికి గుర్తొచ్చింది.

"మంచి సేస్తన్నాననే అనుకున్నాను అన్నా. నాకిప్పటికీ సరిగా అర్థం కాట్లేదు."

"అదే గదరా. సెడు సేసుంటే నాలుగు తిట్టి ఆరోజే టీ తాగేద్దును. మంచి సేసినోణ్ణి ఏటని తిట్టాల? అందుకే నాలుగు నెల్లు నోరు మూసుకున్నాను."

తప్పయిపోయిందని అప్పలస్వామి అన్నాడు. చంద్రమౌళి సరేననలేదు, వద్దనలేదు.

"బయం పోయిందా అన్నా?"

"లేదు. స్టోరులో కూకున్నా, రేకు కదిలిన సప్పుడైతే కాళ్లు లాగుతాయి."

"మల్లీ ప్రార్థన సెయ్యమంటావా?"

చంద్రమౌళి తాడు చుట్ట అందుకున్నాడు. "సెయ్యి. తలుపేసుకో" అని తాడు భుజాన వేసుకుని లోపలికెళ్లిపోయాడు. ఆ రోజు గ్లాసు రాలేదు, మర్నాడూ రాలేదు. ముప్పయ్యో తేదీన యార్డులో ఆయనకు దండ వేస్తుంటే అప్పలస్వామి వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొట్టాడు.

డిసెంబరు మొదటి ఆదివారం మళ్లీ బల్ల. ఉదయమే పక్కింటి ముందు కోటా వెళ్లే మినీ లారీ ఆగి ఉంది, మంచాలెక్కిస్తున్నారు. గోడ దగ్గర ఇద్దరూ మాట్లాడుకున్నారని ఝాన్సీ ముందే పాస్టరమ్మకు చెప్పేసింది. రాఘవయ్య గారి మొహం వెలిగిపోతోంది. నెలరోజులుగా సంఘమంతా చూస్తున్న ఆ గుమ్మడికాయ వెనకాల దేవుడు చేసిన కార్యమేమిటో సాక్ష్యం చెప్పమని అప్పలస్వామిని ముందుకు పిలిచి మైకు చేతికిచ్చారు.

బయట వరండాలో స్పీకరు గుర్రుమంటోంది. సంఘం ఎదురుచూస్తోంది. సాక్ష్యం దాచకూడదని కూడా రాసి ఉంది, అది ఆయనకు బాగా తెలుసు. మైకు నోటిదాకా తెచ్చాడు.

"ఏటీ లేదండి" అన్నాడు.

వెళ్లి తన చోట కూర్చున్నాడు. దేవుడి ఇంట్లో అబద్ధమాడానా అనుకున్నాడు. రొట్టె తన దగ్గరికి వచ్చినప్పుడు తీసుకోవచ్చో కూడదో తేలలేదు. తీసుకున్నాడు.

ఆరాధన అయ్యాక నేరుగా ఇంటికొచ్చాడు. లారీ వెళ్లిపోయింది. పక్క క్వార్టరు తలుపుకు తాళం వేలాడుతోంది. పెరట్లోకెళ్లి చూస్తే గోడమీద స్టీలు గ్లాసు ఉంది, కడిగి బోర్లించి. తనకోసం పెట్టి వెళ్లాడో, సామాను సర్దుతూ మరిచిపోయాడో అప్పలస్వామికి తెలియలేదు. చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత లోపలికెళ్లి ఝాన్సీని టీ పెట్టమన్నాడు, కోటాకు బస్సు ఎన్నింటికో కనుక్కోమని ప్రత్యూషకు చెప్పి, గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు.