చీర కింది నుంచి

మొన్న వాన వెలిశాక చూస్తే, మిద్దె మీద నీడకు కట్టిన పాత చీర నడుమ నీళ్లు నిలిచి కిందికి కుంగింది. వెంటనే సుజాత గుర్తొచ్చింది.

వనపర్తిలో ఏడో తరగతి. సైన్స్ సార్ నలుగురు అమ్మాయిలతో చీర కొసలు పట్టించి, నడుమ ఇనుప గుండు పెట్టారు. "బ్లాక్ హోల్ చుట్టూ జాగ గిట్ల కుంగుతది" అన్నారు. ఒక కొస నా చేతిలో ఉంది. బ్లాక్ హోల్ అంటే గరాటులాంటి గుంతేనని నమ్మేశాను.

నా బెంచీలోనే కూర్చునే సుజాత చీర కిందికి దూరింది. "గట్టిగ పట్టుకోయే, గుండు నా నెత్తిన వేస్తవేమో!" అని నన్ను ఎగతాళి చేసి, "సార్, కిందికెంచి బంతి లెక్క ఉంది. బ్లాక్ హోల్ గుంతనా, బంతినా?" అని అడిగింది.

"శభాష్ బిడ్డా! చీర ఉత్త పోలికనే. బ్లాక్ హోల్ బంతే, ఏ దిక్కుకెంచి చూసినా గుండ్రమే" అని సార్ తన జేబులోని పెన్ను దానికిచ్చారు.

ఫస్టు ర్యాంకు నాది. పెన్ను దానికి! 'కొస వదిలేయాల్సింది' అని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను.

ఆ పేజీ తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నిలబడ్డ నాకు గుంతే కనిపించింది. మోకాళ్ల మీద పాకింది సుజాతే.

మొన్న, ఎవరూ లేరని చూసుకుని, నేనూ చీర కిందికి దూరాను. నిజమే, బంతిలాగే ఉంది.