పిందె నిలవని గుమ్మడి పాదు

ఆమెను వీధిలో అందరూ టైలరక్క అనేవారు. ముందు గదిలో కుట్టుమిషను, వెనక నాలుగు మంచాలు పట్టేంత పెరడు. అందులో వంగ, చిక్కుడు, బీర, పక్కింటి గోడ మీదికి పాకిన గుమ్మడి. ఏనాడూ మందు కొట్టలేదు. పురుగుల సంగతి పిచ్చుకలు చూసుకుంటాయనేది. ఇంటికి పోను మిగిలిన కాయలు, బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్ల సంచుల్లో పడేవి.

ఆ ఏడు గుమ్మడి విరగబూసింది గానీ ఒక్క పిందె నిలవలేదు. బొటనవేలంత అయ్యేసరికి పసుపుబారి రాలిపోయేవి. ఎరువు మార్చింది, నీళ్లు తగ్గించింది. కాలు ఒకచోట నిలిచేది కాదు. ఆ ధ్యాసలో ఒక జాకెట్టుకు రెండు చేతులూ కుడివైపువే కుట్టేసింది. చివరికి ఒక పొద్దున పాదు దగ్గర పీట వేసుకుని కూర్చుంది. గంటసేపు చూసినా ఒక్క తేనెటీగ వాలలేదు. వాటి రొద విని ఎన్నాళ్లయిందో కూడా గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి మగపువ్వు తెంపి, దాని పుప్పొడిని తనే ఆడపూలకు అద్దడం మొదలుపెట్టింది.

"కుట్టుపని మానేసి పెళ్లిళ్ల పేరయ్యవయ్యావా?" అంది అత్తగారు. టైలరక్కకు నవ్వు రాలేదు.

అప్పుడే గోడ అవతల, కొత్తగా అద్దెకు దిగిన కాంపౌండరు ఆమె కంటపడ్డాడు. తమవైపు వాలిన గుమ్మడి పూల మీద పురుగుమందు కొడుతున్నాడు. నాలుగూ దులిపేద్దామనే వెళ్లింది. గుమ్మంలో అతని భార్య చెప్పింది. నెల కిందట ఆ పూల దగ్గరే వాళ్ల ఆరేళ్ల పాపను తేనెటీగ కుట్టిందట. మొహమంతా వాచి, ఊపిరాడక, రెండు రోజులు ఆసుపత్రిలో ఉందట.

"మీ పాదు మీద నాకేం పగ లేదక్కా. పిల్ల ఊపిరి కోసం కొట్టుకోవడం కళ్లారా చూశాను" అన్నాడు కాంపౌండరు.

టైలరక్క ఏమీ దులపకుండానే ఇంటికి తిరిగొచ్చింది. పాదు పీకేద్దామని రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ వెనక్కి వచ్చింది. పూలు లేకపోతే తేనెటీగలు రావు. అవి రాకపోతే ఆ వీధిలో ఎవరి పెరట్లోనూ కాపు సరిగ్గా ఉండదు. వస్తే, ఆ పిల్లకు ముప్పు. నాలుగో రోజు గోడవైపు తీగలన్నీ కోసేసి, మిగిలినదాన్ని పెరట్లో ఆ గోడకు దూరంగా ఉన్న మూలన పందిరి వేసి ఎక్కించింది. ఆ పక్కనే కొత్తిమీరను కోయకుండా పూతకు వదిలింది.

"గోడ పక్కన ఒక్క పువ్వు ఉండనివ్వను తమ్ముడూ. నువ్వు మందు ఆపు. ఈ ఒక్క కాపూ చూద్దాం" అంది.

అతను ఒప్పుకున్నాడు, మనస్ఫూర్తిగా మాత్రం కాదు.

నెల దాటాక కొత్తిమీర పూల మీద ఒకటీ అరా తేనెటీగలు కనిపించాయి. ఆ ఏడు మూడు గుమ్మడికాయలు నిలిచాయి. మరుసటి ఏడు లెక్కలేనన్ని. ఎదురింటివాళ్ల బీరపాదు కూడా గెలలు వేసినట్టు కాసింది. పాపను మళ్లీ ఏదీ కుట్టలేదు. అయినా ఆ పిల్ల అవతల ఆడుకుంటున్నంతసేపూ టైలరక్క గోడ వెంబడి తచ్చాడుతూనే ఉండేది. లోపలికి రమ్మని అత్తగారు పిలిస్తే వస్తున్నా అనేది, వచ్చేది కాదు.