బొట్టు పెట్టిన డిస్కు

ఆసిఫాబాద్ బస్టాండు వెనక హమీద్ దుకాణం. కంప్యూటర్లు, సర్వర్లు బాగుచేయడం ఇరవై రెండేళ్లుగా అతని పని. డాక్టర్ రాజేశ్వర్‌రావు నర్సింగ్ హోమ్‌లో సర్వర్ పెట్టింది అతనే. అందులో చూడటానికి ఒకేలా ఉండే రెండు డిస్కులు: ఒకదాంట్లో మిషన్‌ను నడిపే సిస్టమ్, రెండోదాంట్లో రోగుల రికార్డులు. అంటించిన చీటీలు ఎండాకాలం ఊడిపోతున్నాయని, దసరా పూజనాడు పై అరలో ఉండే రికార్డుల డిస్కుకు కుంకుమ బొట్టు పెట్టమని ఆయా దేవవ్వకు చెప్పాడు. మూడేళ్లు ఆ గుర్తు తప్పలేదు.

రికార్డుల్లో ఎక్కువ భాగం సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్నవాళ్లవి. చుట్టుపక్కల గూడేల పిల్లలు. ఎవరికి ఎప్పుడు రక్తం ఎక్కించారో, ఎవరికి ఏ రక్తం పడలేదో అందులోనే ఉంది. ఇంకో కాపీ తీసి పెడదామని హమీద్ రెండుసార్లు అడిగాడు. వచ్చే నెల చూద్దామన్నారు డాక్టరు.

నవంబరులో ఒకరోజు కరెంటు పోయి వచ్చాక సర్వర్ లేవలేదు. సిస్టమ్ మళ్లీ ఎక్కించాలి. హమీద్ పెన్‌డ్రైవ్ పెట్టగానే తెర మీద రెండు వరుసలు కనిపించాయి. మొదటిది, ఏదీ మార్చకుండా పెన్‌డ్రైవ్ నుంచే మిషన్‌ను లేపి డిస్కుల్లో ఏముందో చూసేది. రెండోది, నేరుగా ఎక్కించేది. ఎక్కిస్తే ఆ డిస్కులో ఉన్నదంతా పోతుంది.

"ఎంతసేపు హమీద్? బయట యాభై మంది కూసున్నరు," అన్నారు డాక్టరు.

"లోపల జర చూసి ఎక్కిస్తే గంట సార్. సీదా ఎక్కిస్తే పావుగంట."

"ఇరవయ్యేండ్ల సంది గిదే పని జేస్తున్నవ్. ఇంకా పెండ్లిచూపులేనా?"

కాంపౌండర్ నవ్వాడు. హమీద్ కూడా నవ్వి, బొట్టున్న డిస్కును చెరిగిపోకుండా బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. రెండో వరుస నొక్కాడు.

పావుగంటకు సర్వర్ లేచింది. తీసిన డిస్కును మళ్లీ పెట్టి తెరిచాడు. అందులో పాడైన పాత సిస్టమ్ ఉంది.

దేవవ్వను పిలిచాడు.

"దసరకు మిషన్ బందుజేసి రెండు బయటికి గుంజి తుడిసిన భాయ్," అంది ఆమె. "మళ్ల లోపల పెట్టి, ఎప్పటి లెక్కనే మీదిదానికి బొట్టు పెట్టిన. ఏమైంది?"

తుడిచి పెట్టేటప్పుడు మీదిది కిందికి పోయింది. ఏది ఎక్కడ పెట్టినా మిషన్ నడుస్తుంది కాబట్టి ఆ తేడా ఎవరికీ తెలియలేదు. హమీద్ మూడు రోజులు ప్రయత్నించాడు. కరీంనగర్‌లో తెలిసినవాళ్లకు కూడా చూపించాడు. పాత రకం డిస్కయితే కొంతైనా దొరికేది. ఇది కొత్త రకం. చెరిగింది చెరిగినట్టే పోయింది.

జనవరిలో ఒక గూడెం నుంచి ఆత్రం కావ్య అనే పిల్లను తెచ్చారు. పద్నాలుగేళ్లు. ఒంట్లో రక్తం బాగా తగ్గిపోయింది.

"నాలుగేండ్ల కింద ఒక రక్తం పడక సావు దాకా పోయింది సార్. ఏది పడదో మీరే రాసుకున్నరు గద," అన్నాడు తండ్రి కైలాసం.

డాక్టరుకు ఆ పిల్ల గుర్తుంది, పడనిదేదో గుర్తులేదు. 'గతంలో రక్తం పడలేదు' అని మాత్రం రాసి మంచిర్యాల పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ పరీక్షలో అంతా సరిపోయింది. పడని రక్తం ఒంట్లో వదిలిన పాత గుర్తు కొన్నేళ్లకు పరీక్షకు అందకుండా పోతుంది. అప్పుడు రాసి ఉంచిందే ఆధారం. రెండు ప్యాకెట్లు ఎక్కించారు. పడని రక్తమే మళ్లీ ఎక్కింది; ఎనిమిదో రోజు మూత్రం నల్లగా మారింది. పదో రోజు కైలాసం బిడ్డను ఆటోలో గూడేనికి తీసుకుపోయాడు. కావ్య అప్పటికే పోయింది.

మళ్లీ దసరా వచ్చింది. నర్సింగ్ హోమ్‌లో సర్వర్ దుమ్ము దులపడానికి వచ్చిన హమీద్‌కు, కుంకుమ గిన్నెతో గుమ్మంలోనే నిలబడ్డ దేవవ్వ కనిపించింది.

"నా బొట్టుతోనేనా భాయ్ గా పిల్ల పోయింది?"

"కాదు. చూసే తోవ నా ముంగట్నే ఉండె. నేను చూడలే."

"మరి ఇయ్యాల పెట్టాల్నా వద్దా?"

"నీ పూజ నువ్వు చేసుకో దేవవ్వా," అన్నాడు హమీద్. పెన్‌డ్రైవ్ పెట్టి, మొదటి వరుస నొక్కి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ రోజు ఎక్కించాల్సింది ఏమీ లేదు.