గాలి ఎంత పెట్టారు?

అతని బొటనవేలే నాకు బాగా గుర్తు. నరసరావుపేటలో పంక్చర్ షాపు అతనిది. నెలలు నిండకుండా పుట్టిన అతని కొడుకు, నేను నర్సుగా ఉన్న వార్డులో వెంటిలేటర్ మీద ఉండేవాడు. అతను రోజూ తలుపు దగ్గర నిలబడి, టైరులో గాలి చూసినట్టు అరచేతిని బొటనవేలితో నొక్కుకుంటూ అడిగేవాడు.

"ఇయ్యాల గాలి ఎంత పెట్టారు సిస్టరమ్మా?"

నేను మెషిన్ చూసి ప్రెషర్ చెప్పేదాన్ని. ఇరవై రెండు, ఇరవై, పద్దెనిమిది. అంకె తగ్గితే బిడ్డ కోలుకుంటున్నట్టేనని అతనికి నేర్పింది నేనే.

నాలుగో రోజు బిడ్డకు ఆయాసం ఎక్కువై, డాక్టరుగారు ఇరవై ఆరుకు పెంచారు. నిజం చెప్పడానికి నోరు రాక "పద్దెనిమిదే" అన్నాను.

"పెంచారు గదమ్మా," అన్నాడు మెల్లగా. "రోజూ మిషను చూసి చెప్తారు. ఇయ్యాల చూడకుండానే చెప్పారు."

మరునాడు అతను అంకె అడగలేదు. నా ముఖమే చూశాడు. ఉన్న అంకె చూసి చెప్పడానికి నేను మెషిన్ వైపు తిరిగాను.