విరిగిన లాకు తలుపు వార్తేనట

రాజోలు దగ్గర ఓ కమ్యూనిటీ రేడియోలో నేను సాయంత్రం పూట రైతుల కార్యక్రమం చేస్తాను. చుట్టుపక్కల ఊళ్లు దాటితే మా రేడియో వినబడదు. ఇలాంటి రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదని కేంద్ర ప్రభుత్వ నిబంధన. ప్రభుత్వ రేడియో వార్తల్ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, అంతే. చేరిన కొత్తలో అదేమంత విషయంగా అనిపించలేదు. కొబ్బరికి తెల్లదోమ గురించీ, గేదెలకు గాలికుంటు గురించీ మాట్లాడుకునేవాళ్లకి వార్తలతో పనేమిటి అనుకున్నాను.

మొన్న వానాకాలం సార్వా వరి మొదలయ్యే రోజుల్లో అంతర్వేది వైపు నుంచి ఓ రైతును పిలిపించాను. భర్త పోయాక ఉన్న ఎకరం తనే చేసుకుంటున్న మనిషి. పిన్నిగారూ అని పిలిచేదాన్ని. వరి నారుకి ఆకుమడి ఎలా పోసుకోవాలో ఆవిడ చేత చెప్పిద్దామని నా ఆలోచన. మైకు ముందు కూర్చోగానే ఆవిడ అసలు సంగతి ఎత్తుకుంది.

"ఇంకెక్కడి ఆకుమడండీ, మాడిపోయింది. మా డ్రెయిను చివర సముద్రం పోటుని ఆపే లాకు తలుపు విరిగిపోయి ఎన్నాళ్లో అయ్యిందండి. పోటొచ్చిందంటే చాలు, సముద్రం నీళ్లు చేలోకి వచ్చేత్తన్నాయి. ఆఫీసుకెళ్లి చెప్పేం. చూత్తాం అన్నారు. ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదండి."

ఆవిడ అలా చెబుతుంటే ఆపబుద్ధి కాలేదు. చివర్లో నేను వైర్లు సర్దుకుంటుంటే, తనలో తను ఊడ్పుల పాట కూనిరాగం తీసింది. అదీ రికార్డయింది. ఇన్నాళ్లకి ఒక పనికొచ్చే కార్యక్రమం చేశానని సంబరపడ్డాను.

మా మేనేజరుగారు రిటైరైన లెక్చరరు. మంచాయన. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొత్తం విన్నారు.

"బాగుందమ్మా. కానీ ఇది వార్త."

"వార్తేంటండీ? ఆవిడ చేను గురించి ఆవిడ చెప్పుకుంది."

"చేను గురించి చెప్పనీ. తలుపు విరిగిందనీ, ఆఫీసువాళ్లు రాలేదనీ అంటే వార్తయిపోద్ది. రేపెవరైనా ఫిర్యాదు పెడితే మన లైసెన్సుకి ఎసరు. అప్పుడు నీ కార్యక్రమమే ఉండదు."

"టీవీల్లో పొద్దస్తమానం ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటున్నారు కదండీ, వాళ్లకి లేదా ఈ భయం?"

"వాళ్ల రూల్సు వేరమ్మా" అన్నారు.

ఒక్క దారి ఉంది. నీళ్లూ, కరెంటూ, తుఫాన్ల లాంటి సంగతులు అధికారులే చెబితే మేం ప్రకటించవచ్చు. సరేనని డ్రెయిన్ల ఆఫీసుకి వెళ్లాను. అక్కడి ఇంజనీరుగారు కుర్చీ వేయించి, టీ తెప్పించి, ఎంతో మర్యాదగా మాట్లాడారు.

"తలుపు దెబ్బతిన్న మాట నిజవేనండి. కానీ నేను రేడియోకి చెప్పకూడదు కదండీ. పైనించి రావాలి."

"పైవాళ్లకి తెలుసాండీ?"

"తెలియజేస్తామండి."

మళ్లీ వెళ్లాను. మళ్లీ టీ ఇచ్చారు. ఆయన మీద కోప్పడదామంటే ఆయనేమీ తప్పు మాట్లాడటం లేదు. మేనేజరుగారి మీద కోప్పడదామంటే ఆయనా అంతే. ఎవరి మీదా చూపించలేని కోపం ఇంటికి తెచ్చుకుని, అన్నం దగ్గర ఇంట్లోవాళ్ల మీద చూపించాను.

చివరికి కార్యక్రమం వేశాం. తలుపు తీసేశాం, ఉప్పునీళ్లు తీసేశాం, ఆఫీసు తీసేశాం. విత్తనం ఎలా నానబెట్టాలి, మడి ఎలా చదును చేయాలి అన్న ముక్కలు మిగిలాయి. టైము నిండక ఆ పాట కూడా కలిపాం. మర్నాడు పొద్దున్నే ఆవిడ ఫోన్ చేసింది.

"విన్నానమ్మా. మా వీధి వీధంతా విన్నారు. అంత దూరం నేను పాట పాడ్డానికొచ్చేనా?"

నిబంధన గురించి చెప్పాను. ఆవిడ అంతా వింది.

"విరిగింది మా ఊరి తలుపు. మునిగింది మా ఊరి చేలు. మా ఊరోళ్లకి ఆ మాట చెప్పడానికి ఢిల్లీ ఒప్పుకోవాలా?"

"ఆయ్, అంతేనండి" అన్నాను. అన్నాక నా మీద నాకే చిరాకేసింది.

ఆ సార్వాకి ఆవిడ వరి ఊడ్చలేదు. పక్క చేలవాళ్లందరూ రొయ్యల చెరువులకి ఇచ్చేస్తుంటే తనూ లీజుకి ఇచ్చేసింది. ఆ తరవాత కొన్నాళ్లకి మాకు అధికారుల ప్రకటన వచ్చింది. లాకు వద్ద మరమ్మతుల దృష్ట్యా రైతులు సహకరించవలసిందిగా కోరడమైనది. పొద్దునా సాయంత్రమూ నేనే చదివాను. తలుపు విరిగిందన్న మాట అందులోనూ లేదు.

"చూశావా, ఆఖరికి వేశాం కదా" అన్నారు మేనేజరుగారు. నేను లేచి వచ్చేశాను.

ఆ ఆదివారం ఆవిడ్ని చూడ్డానికి వెళ్లాను. పొలంలో పొక్లెయిను గట్లు తవ్వేస్తోంది. ఆవిడ కొంగు నెత్తిన కప్పుకుని దూరంగా నిలబడి చూస్తోంది.

"తలుపు బాగుచేత్తారంట కదా, నీ గొంతే విన్నాను" అంది. "లీజుకి తీసుకున్నాయన గొడవ పెడతన్నాడు. ఇప్పుడు రొయ్యలకి ఉప్పునీళ్లు రాకపోతేనే కష్టవంట."

నా సంచిలో రికార్డరు ఉంది. ఈ మాటలు ఆవిడ చేత మళ్లీ చెప్పించి రికార్డు చేద్దామా అనుకున్నాను. వీటిలో ఏవి ఉంచుతారో, ఏవి తీసేస్తారో నాకు అక్కడే, ఆ గట్టు మీదే తెలిసిపోతోంది. సంచి తెరవలేదు.